ఫోను పోతే ఖాతాల్లోకి మళ్ళీ వెళ్ళేదెలా? పాస్‌వర్డులు, ఓటీపీలు, పాస్‌కీలు సర్దుకోవడం గురించి

శ్రీకాకుళం_ఎస్కే:

అందరికీ నమస్కారం. ఒక ఆండ్రాయిడ్ ఫోను, విండోస్ 11 ల్యాప్‌టాప్, ఐప్యాడ్ వాడకంలో ఉన్నాయి. నేనుండేది హైదరాబాద్‌లో. శ్రీకాకుళంలో ఉన్న అమ్మకీ నాన్నకీ చెరో ఆండ్రాయిడ్ ఫోను. పాస్‌వర్డులు 180 దాకా క్రోమ్‌లో సేవ్ అయి ఉన్నాయి, వాటిలో సగం ఒకే పదానికి చివర అంకెలు మార్చినవే. లాగిన్‌కి కోడ్లు ఇచ్చే ఓటీపీ యాప్ (ఆథెంటికేటర్) ఫోన్లో మాత్రమే ఉంది. బ్యాంకు ఓటీపీలు వచ్చే సిమ్మూ ఆ ఫోన్లోనే.

పాస్‌వర్డులు దాచిపెట్టే బిట్‌వార్డెన్ అనే మేనేజర్‌కి మారాలనుకుంటున్నాను. అడగదలచినవి రెండు. క్రోమ్ నుంచి ఏదీ జారిపోకుండా ఎలా మార్చుకోవాలి? రేపు ఈ ఫోను పోయినా, నీళ్ళలో పడినా ఖాతాల్లోకి మళ్ళీ వెళ్ళే దారి ఏది?

తాళంచెవి:

ఎస్కే గారూ, రెండో ప్రశ్నకి ఏర్పాటు చేసుకున్నాకే మొదటిది మొదలుపెట్టండి. చాలామంది తిరగేసి చేస్తారు, ఇరుక్కునేది అక్కడే.

జీమెయిల్ పాస్‌వర్డ్ బిట్‌వార్డెన్‌లో పెట్టారనుకోండి. బిట్‌వార్డెన్‌కి రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ అడిగేది) పెట్టలేదు. 2025 నుంచి ఇలాంటి ఖాతాని కొత్త పరికరంలో తెరిస్తే ఈమెయిల్‌కి ఒక కోడ్ పంపుతున్నారు. ఫోను పోయింది, ల్యాప్‌టాప్‌లో లాగౌట్ అయిపోయి ఉంది. కోడ్ చూడాలంటే జీమెయిల్ తెరవాలి, దాని పాస్‌వర్డేమో బిట్‌వార్డెన్‌లో ఉంది. మాస్టర్ పాస్‌వర్డ్ (బిట్‌వార్డెన్‌ని తెరిచే ఒక్క ప్రధాన పాస్‌వర్డ్) నోటికొచ్చినా లోపలికి పోలేరు. పోనీ రెండంచెల లాగిన్ పెట్టారు, కోడ్ ఇచ్చే యాప్ పోయిన ఫోన్లోనే ఉంది. మళ్ళీ అదే పరిస్థితి. మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే కంపెనీ వాళ్ళు కూడా తెరవలేరు, ఎందుకంటే గుప్తీకరణ మీ పరికరంలోనే జరుగుతుంది, ఆ తాళం వాళ్ళ దగ్గర ఉండదు.

కాబట్టి ముందు ఒక కాగితం తయారు చేసుకోవాలి. చేతిలో ఏ పరికరమూ లేకపోయినా ఆ కాగితంతో మొదలుపెట్టి అన్నీ తిరిగి తెచ్చుకోగలగాలి. దాని మీద ఉండాల్సినవి: బిట్‌వార్డెన్‌కి వాడిన ఈమెయిల్, ఖాతా ఏ సర్వర్ మీద ఉంది అన్నది (డాట్ కామ్ అమెరికా, డాట్ ఈయూ యూరప్, తప్పు చోట లాగిన్ అయితే సరైన పాస్‌వర్డ్ కొట్టినా తప్పనే అంటుంది), మాస్టర్ పాస్‌వర్డ్, బిట్‌వార్డెన్ రికవరీ కోడ్, ప్రధాన ఈమెయిల్ పాస్‌వర్డ్, ఆ ఈమెయిల్ బ్యాకప్ కోడ్లు, సిమ్ పీయూకే నంబరు (లాక్ అయిన సిమ్ముని విప్పేది).

బిట్‌వార్డెన్ రికవరీ కోడ్ ఒకటే ఉంటుంది. అది వాడగానే రెండంచెల లాగిన్ ఆగిపోతుంది, మళ్ళీ పెట్టుకుని కొత్త కోడ్ రాసుకోవాలి. గూగుల్ ఒకేసారి 10 కోడ్లు ఇస్తుంది, ఒక్కోటి 8 అంకెలు, ఒక్కోటీ ఒక్కసారే పనిచేస్తుంది. కొత్త సెట్టు తీస్తే పాత సెట్టు మొత్తం చెల్లదు. ఇది తెలియక పాత కాగితం దాచుకునేవాళ్ళు చాలామంది, అందుకే కాగితం మీద తేదీ వేయండి.

బాల్‌పెన్‌తో రాయండి. సున్నాకీ ఓ అక్షరానికీ, ఒకటికీ చిన్న ఎల్‌కీ తేడా తెలిసేలా గుర్తు పెట్టండి. ఆ కాగితాన్ని ఫోటో మాత్రం తీయకండి. ఫోటో తీసిన మరుక్షణం అది గూగుల్ ఫోటోస్‌లోకి పోవచ్చు.

నల్లగొండ_నెట్‌వర్క్:

కాగితం సంగతి మంచిగ చెప్పిండ్రు అన్నా. కానీ అన్నీ ఒక్క కాగితం మీదనే ఉంటే, అది ఎవరి చేతికన్న చిక్కితే ఏం చేయాలె?

తాళంచెవి:

మంచి ప్రశ్న. ఎక్కడో కూర్చుని పాస్‌వర్డులు కొట్టేసేవాడికి మీ బీరువాలోని కాగితం అందదు. ఇంట్లోకి వచ్చే దొంగ నగలు చూస్తాడు గానీ రికవరీ కోడ్లు వెతకడు. కాబట్టి ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాలు ఎక్కడ పెడతారో అక్కడే ఒక కాపీ, ఊళ్ళో అమ్మానాన్నల దగ్గర ఇంకో కాపీ, రెండూ అతికించిన కవర్లలో. ఇంటికి వచ్చిపోయేవాళ్ళ మీద అనుమానం ఉంటే విడగొట్టండి: మాస్టర్ పాస్‌వర్డ్ ఒక ఇంట్లో, రికవరీ కోడ్లు ఇంకో ఇంట్లో. ఒకటి చిక్కినా రెండోది లేకుండా లోపలికి పోలేరు. ఆ పద్ధతిలో తిప్పలు మీకూ ఉంటాయి, ఊరు వెళ్తే గానీ ఖాతా తెరుచుకోదు. హైదరాబాద్‌లో ఉండి శ్రీకాకుళం వెళ్ళడమంటే ఒక రాత్రి ప్రయాణం. అది సరేననుకుంటేనే చేయండి.

మాధవి_వైజాగ్:

మాస్టర్ పాస్‌వర్డ్ గురించి కొంచెం. మనసులో తోచిన పదాలు వద్దు, పాచికలు వేసి తీయండి. 2016లో ఈఎఫ్‌ఎఫ్ అనే డిజిటల్ హక్కుల సంస్థ వాళ్ళు విడుదల చేసిన జాబితాలో 7,776 ఇంగ్లిష్ పదాలున్నాయి. ఐదు పాచికలు వేస్తే ఒక పదం వస్తుంది. ఒక్కో పదానికి 12.9 బిట్ల బలం (ఒక్క బిట్టు పెరిగితే ఊహించే కష్టం రెట్టింపు), ఆరు పదాలకి 77 బిట్లు. మాస్టర్ పాస్‌వర్డ్‌కి ఆరు పదాలు చాలు. బిట్‌వార్డెన్ జనరేటర్లో పాస్‌ఫ్రేజ్ ఎంచుకున్నా ఇదే పని చేస్తుంది.

తెలుగు పదాలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే ఎవరూ పట్టుకోలేరని చాలామంది నమ్మకం. వేమన పద్యం పాదమో, పాట పల్లవో, ఇంటిపేరూ ఊరిపేరూ కలిపిందో అయితే పట్టుకుంటారు, అవన్నీ ఇంటర్నెట్లో ఉన్న మాటలే. పదాలు పాచికలతో తీసినవైతే తెలుగు పదాలు కూడా గట్టివే. మీరే 216 పదాల జాబితా రాసుకుని మూడు పాచికలతో తీస్తే పదానికి 7.75 బిట్లు, ఎనిమిది పదాలకి 62 బిట్లు వస్తాయి. చిక్కల్లా స్పెల్లింగుతో: ‘మామిడి’లో మా అన్నదానికి ఒక్క ఏ రాశామా రెండు రాశామా, ‘తాత’కి హెచ్ పెట్టామా లేదా అన్నది ఆర్నెల్ల తర్వాత గుర్తుండదు. ఒకే నియమం పెట్టుకోండి, దీర్ఘాలకి ఒక్కటే అచ్చు, ఎక్కడా హెచ్ లేదు, అలాగ.

అచ్చంగా తెలుగు లిపిలో పాస్‌వర్డ్ మాత్రం వద్దు. ఉదాహరణకి ఐత్వం (ై) యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు వాడే అక్షర సంకేతాల పట్టికలో, రెండు విధాలుగా ఉండొచ్చు: 0సీ48 అనే ఒకే సంకేతంగా, లేదా 0సీ46, 0సీ56 అనే రెండు సంకేతాల జంటగా. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. సైటు వాటిని సమం చేయకపోతే ఒక కీబోర్డుతో పెట్టిన పాస్‌వర్డ్ ఇంకో కీబోర్డుతో పనిచేయదు. పైగా తెలుగు సంకేతం ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు. పాస్‌వర్డులు దాచడానికి బీక్రిప్ట్ అనే పద్ధతి వాడే సైట్లు మొదటి 72 బైట్లే చూస్తాయి, అంటే 24 సంకేతాల తర్వాత మీరు కొట్టింది లెక్కలోకే రాదు. టీవీలో లాగిన్ అవ్వాల్సి వస్తే తెలుగు కీబోర్డే ఉండకపోవచ్చు.

కీపాస్_వాడుకరి:

అసలు క్లౌడ్‌లో ఎందుకండీ? 2022లో లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్‌కి ఏం జరిగిందో చూశాం. ఆగస్టులో డెవలపర్ల వైపు నుంచి చొరబడ్డారు, ఆ తర్వాత వాడుకరుల వాల్టుల (పాస్‌వర్డులు దాచిన పెట్టెల) బ్యాకప్పులే ఎత్తుకుపోయారు. కీపాస్‌ఎక్స్‌సీ అనే మేనేజర్ అయితే ఫైలు మన దగ్గరే ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో కీపాస్‌డీఎక్స్, ఐప్యాడ్‌లో కీపాసియమ్ అదే కేడీబీఎక్స్ ఫైలు తెరుస్తాయి.

మాధవి_వైజాగ్:

లాస్ట్‌పాస్ విషయంలో దెబ్బ ఎవరికి తగిలిందో కూడా చూడాలి. ఆ వాల్టుల్లో సైట్ల చిరునామాలు గుప్తీకరణ లేకుండా ఉన్నాయి. అది డిజైన్ లోపం. పాస్‌వర్డులు గుప్తంగానే ఉన్నాయి గానీ, పాత ఖాతాల్లో పీబీకేడీఎఫ్2 (ఒక్కో ఊహకీ ఎక్కువ సమయం పట్టేలా చేసే లెక్క) ఆవృత్తులు 5,000, ఇంకొన్నింట్లో అంతకన్నా తక్కువ. ఇప్పుడు బిట్‌వార్డెన్ కొత్త ఖాతాకి 6,00,000 పెడుతుంది. ఆవృత్తులు తక్కువై, మాస్టర్ పాస్‌వర్డ్ కూడా బలహీనంగా ఉంటే దొంగ తీరిగ్గా కూర్చుని ఊహిస్తూ పోగలడు. ఆరు పాచిక పదాలున్న వాల్టు చేతికొచ్చినా ఏమీ చేయలేడు. పాత బిట్‌వార్డెన్ ఖాతా ఉన్నవాళ్ళు వెబ్ వాల్టులో సెట్టింగ్స్, సెక్యూరిటీ, కీస్ తెరిచి ఆ అంకె ఎంత ఉందో చూసుకోండి. అదే పని చేసే ఆర్గాన్2ఐడీ అనే ఇంకో పద్ధతికి మారొచ్చు కూడా, కానీ మెమరీ విలువ మరీ పెంచకండి. ఐప్యాడ్‌లో ఆటోఫిల్‌కి దొరికే మెమరీ తక్కువ, మధ్యలో ఆగిపోవచ్చు. ఆ మార్పు చేసేముందు ఒక ఎక్స్‌పోర్ట్ తీసుకోండి, మార్చగానే అన్ని పరికరాల్లోనూ లాగౌట్ కావచ్చు.

తాళంచెవి:

కీపాస్ మంచిదే, కానీ సింకు బాధ్యత పూర్తిగా మనదే. ఫోన్లోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఒకే సమయంలో మార్పులు చేస్తే సింక్‌థింగ్ (పరికరాల మధ్య ఫైళ్ళు సింకు చేసే యాప్) రెండో ఫైలుకి సింక్ కాన్‌ఫ్లిక్ట్ అని పేరు చేర్చి పక్కన పెడుతుంది. చూసుకోకపోతే కొత్తగా పెట్టిన పాస్‌వర్డ్ ఆ పక్క ఫైలులోనే మిగిలిపోతుంది. కీపాస్‌ఎక్స్‌సీ డేటాబేస్ మెనూలో మెర్జ్ ఉంది, రెండూ కలుపుతుంది. సింక్‌థింగ్ అధికారిక ఆండ్రాయిడ్ యాప్ 2024 డిసెంబరుతో ఆగిపోయింది, ఇప్పుడు వాడేవాళ్ళు ఫోర్క్ (దాని కోడ్‌తో వేరేవాళ్ళు నడిపే యాప్) వాడుతున్నారు. ఫైలు గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ పాస్‌వర్డ్ ఆ ఫైలులోనే పెడితే, నేను పైన చెప్పిన చిక్కే ఇక్కడా వస్తుంది. పెన్‌డ్రైవ్ మీద ఒక కాపీ ఉండాలి.

ఎస్కే గారి ఇంట్లో మూడు రకాల పరికరాలు, పైగా ఊళ్ళో అమ్మానాన్నలు. నా ఓటు బిట్‌వార్డెన్‌కే. ఉచిత ఖాతాలోనే పాస్‌వర్డులకీ పరికరాలకీ పరిమితి లేదు.

శ్రీకాకుళం_ఎస్కే:

కాగితం రాశాను, రెండు కాపీలు. ఇప్పుడు క్రోమ్ నుంచి మార్చడం చెప్పండి.

తాళంచెవి:

ల్యాప్‌టాప్‌లోనే చేయండి. క్రోమ్‌లో గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ తెరిచి, సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్ ఫైల్ నొక్కితే సీఎస్‌వీ ఫైలు వస్తుంది. దాంట్లో 180 పాస్‌వర్డులూ మామూలు అక్షరాల్లో కనిపిస్తాయి, అందుకే ఎక్కడ సేవ్ చేస్తారో జాగ్రత్త. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లని విండోస్ వన్‌డ్రైవ్‌కి బ్యాకప్ చేస్తూ ఉండొచ్చు. అక్కడ పెడితే మీరు డిలీట్ చేసినా వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్‌లో 30 రోజులు ఉంటుంది. సీ డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డర్ చేసి అందులో పెట్టండి. ఫైలుని ఎక్సెల్‌లో తెరవకండి. తెరిచి సేవ్ కొడితే మొదట్లో సున్నా ఉన్న పాస్‌వర్డుల సున్నాలు ఎగిరిపోతాయి, ప్లస్ గుర్తుతోనో ఈక్వల్ గుర్తుతోనో మొదలయ్యేవి ఫార్ములాలనుకుంటుంది.

బిట్‌వార్డెన్ వెబ్ వాల్టులో టూల్స్, ఇంపోర్ట్ డేటా, ఫార్మాట్ క్రోమ్. ఇంపోర్ట్ ఒక్కసారే చేయండి, రెండోసారి చేస్తే ప్రతిదీ రెండేసి పడుతుంది. లెక్క సరిపోయిందో చూసి, ఫైలు షిఫ్ట్ డిలీట్‌తో తీసేయండి. ఒక్క విషయం: క్రోమ్‌లో ఉన్న పాస్‌కీలు (పాస్‌వర్డ్ బదులు లాగిన్‌కి వాడే డిజిటల్ కీలు) సీఎస్‌వీలోకి రావు. ఆ సైట్లలోకి వెళ్ళి కొత్త పాస్‌కీ బిట్‌వార్డెన్‌లో చేసుకోవాలి, ఆ తర్వాతే పాతది తీసేయాలి.

తర్వాత క్రోమ్‌లో పాస్‌వర్డులు సేవ్ చేయమని అడిగేది ఆపేయండి. లేకపోతే రెండూ పోటీపడి, ఒకదాంట్లో కొత్తదీ ఇంకోదాంట్లో పాతదీ మిగులుతాయి. ఫోన్లో సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్స్, పాస్‌కీస్, అకౌంట్స్ దగ్గర బిట్‌వార్డెన్‌ని ఎంచుకున్నా కొన్ని ఫోన్లలో క్రోమ్‌లోపల నింపదు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ఆటోఫిల్ సర్వీసెస్ కిందే ఇంకో సర్వీసు వాడు అని విడిగా ఎంచుకుని, క్రోమ్ మూసి తెరవాలి. ఐప్యాడ్‌లో ఐప్యాడ్‌ఓఎస్ 18 నుంచి ఇది జనరల్ కింద ఆటోఫిల్ అండ్ పాస్‌వర్డ్స్‌లో ఉంది. క్రోమ్‌లోని పాత నకళ్ళు రెండు వారాలు వాడి చూశాక తీసేయండి.

180 పాస్‌వర్డులూ ఒక్కరోజే మార్చాలని కూర్చోకండి, విసుగొచ్చి మధ్యలో మానేస్తారు. మొదట ఈమెయిల్, తర్వాత బ్యాంకులు, డీమ్యాట్, ఆదాయపన్ను పోర్టల్, ఆపై సోషల్ మీడియా. మిగతావి ఎప్పుడు లాగిన్ అయితే అప్పుడు మార్చుకోవచ్చు.

అమలాపురం_వెబ్:

బ్యాంకు సైట్ల దగ్గర ఎదురయ్యే ఇబ్బందులు మూడు చెప్తాను.

కొన్ని సైట్లు 20 అక్షరాల పాస్‌వర్డ్ తీసుకున్నట్టే తీసుకుని, లోపల 15కే కోసేస్తాయి. లాగిన్ పేజీలో ఆ కోత ఉండదు, దాంతో తప్పు పాస్‌వర్డ్ అంటుంది. అందుకే మార్చిన వెంటనే, ఆ కిటికీ మూయకుండా, ఇంకో ప్రైవేట్ కిటికీలో లాగిన్ అయి చూడండి. పని చేయకపోతే మొదటి కిటికీలోనే పొట్టిది పెట్టుకోవచ్చు.

రెండోది, లాగిన్ పాస్‌వర్డ్ వేరు, లావాదేవీ పాస్‌వర్డ్ వేరుగా ఉండే బ్యాంకులు. లావాదేవీ పాస్‌వర్డ్ కొట్టగానే బిట్‌వార్డెన్ ‘అప్‌డేట్ చేయనా’ అంటుంది. సరేనంటే లాగిన్ పాస్‌వర్డ్ మీద అది పడిపోతుంది. అలా జరిగితే కంగారుపడకండి, ఆ ఎంట్రీలో పాస్‌వర్డ్ హిస్టరీ ఉంటుంది, చివరి ఐదు దాచి ఉంచుతుంది. లావాదేవీ పాస్‌వర్డ్‌ని అదే ఎంట్రీలో కస్టమ్ ఫీల్డుగా, హిడెన్ రకంగా పెట్టుకోండి.

మూడోది అందరూ పట్టించుకోవాల్సింది. రిజర్వ్ బ్యాంకు ఆదేశంతో 2025 అక్టోబరు 31 లోపు బ్యాంకులు తమ నెట్ బ్యాంకింగ్ సైట్లని డాట్ బ్యాంక్ డాట్ ఇన్ చిరునామాకి మార్చాల్సి వచ్చింది. ఆ పేర్లు ఇచ్చే ఏకైక రిజిస్ట్రార్ హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ. బ్యాంకు కాని వాళ్ళు ఆ చిరునామా కొనలేరు, అదే దాని ప్రయోజనం. కానీ మీ పాత ఎంట్రీల్లో పాత చిరునామా ఉంటుంది కాబట్టి కొత్త సైట్లో ఆటోఫిల్ పని చేయదు. అప్పుడు పాస్‌వర్డ్ కాపీ చేసి అతికించడం అలవాటు చేసుకుంటే, ఆటోఫిల్ ఇచ్చే పెద్ద రక్షణ పోతుంది. నకిలీ సైట్లో మేనేజర్ నింపదు. అది నింపలేదంటే ఆగి చిరునామా చూడమని అర్థం. అందుకని కొత్త చిరునామాని చేత్తో టైపు చేసి తెరిచి, ఎంట్రీలో యూఆర్‌ఐగా (సైటు చిరునామాగా) చేర్చి, పాతది తీసేయండి.

నల్లగొండ_నెట్‌వర్క్:

దీనికే ఇంకోటి కలుపుత. ప్రభుత్వ సైట్లల్ల డాట్ గవ్ డాట్ ఇన్ ముందున్న పేరునే బిట్‌వార్డెన్ అసలు డొమైన్ అనుకుంటది. అంటే తెలంగాణ డాట్ గవ్ డాట్ ఇన్ కింద ఎన్ని శాఖల సైట్లుంటే అన్నిట్ల అన్ని పాస్‌వర్డులు చూపిస్తది. ఆ ఎంట్రీలల్ల యూఆర్‌ఐ పక్కన మ్యాచ్ డిటెక్షన్‌ను హోస్ట్ అని మార్చుర్రి. ఏ శాఖ పాస్‌వర్డ్ ఆ శాఖ సైట్లనే కనబడ్తది.

శ్రీకాకుళం_ఎస్కే:

ఓటీపీ యాప్ గురించి చెప్పండి. ఆ కోడ్లు కూడా బిట్‌వార్డెన్‌లోనే పెట్టొచ్చు కదా, విడిగా ఉండాలా?

మాధవి_వైజాగ్:

బిట్‌వార్డెన్ ఖాతా కోడూ, ప్రధాన ఈమెయిల్ కోడూ తప్పనిసరిగా బయట ఉండాలి. మిగతావి లోపల పెట్టినా పర్వాలేదు, దానికి ప్రీమియం కావాలి. పాస్‌వర్డూ కోడూ ఒకేచోట ఉంటే రెండో అంచె బలం కొంత తగ్గుతుంది, నిజమే. కానీ రెండో అంచె అసలు పెట్టకుండా వదిలేయడం కన్నా ఇది చాలా మేలు.

రెండో అంచె పెట్టేటప్పుడు సైటు చూపించే క్యూఆర్ కోడ్‌లో ఉండేది ఒక రహస్య కీ మాత్రమే. ఆ కీనీ ప్రస్తుత సమయాన్నీ కలిపి యాప్ 30 సెకన్లకోసారి 6 అంకెలు తీస్తుంది. ఇంటర్నెట్టూ అక్కర్లేదు, సిమ్మూ అక్కర్లేదు. అందుకని క్యూఆర్ తెర మీద ఉన్నప్పుడే ఫోనుతోనూ ఐప్యాడుతోనూ రెండింటితోనూ స్కాన్ చేయండి. రెండూ ఒకే కోడ్ చూపిస్తాయి, ఒకటి పోయినా రెండోది ఉంటుంది. కోడ్ సరిగ్గా కొట్టినా తప్పంటుంటే పరికరం గడియారం తేడాగా ఉందని అర్థం, సమయం ఆటోమేటిక్‌లో పెట్టండి.

గూగుల్ ఆథెంటికేటర్‌లో 2023 ఏప్రిల్ నుంచి క్లౌడ్ సింకు వచ్చింది. ఫోను పోయినప్పుడు అది పనికొస్తుంది, కానీ గూగుల్ ఖాతా ఎవరి చేతిలోనైనా పడితే కోడ్లన్నీ వాళ్ళకి దొరుకుతాయి. ఆండ్రాయిడ్‌లో ఏజిస్ వాడొచ్చు, పాస్‌వర్డ్ పెట్టిన బ్యాకప్ ఫైలు ఇస్తుంది. ఆండ్రాయిడ్, ఐప్యాడ్ రెండూ ఉన్నవాళ్ళకి ఎంటే ఆథ్ బాగుంటుంది.

తాళంచెవి:

అందరూ మర్చిపోయేది సిమ్ము. ఫోను దొంగిలించినవాడు మీ స్క్రీన్ లాక్ తీయక్కర్లేదు. సిమ్ము తీసి తన ఫోన్లో వేసుకుంటే ఓటీపీలు అక్కడికే వస్తాయి. దీనికి మందు సిమ్ పిన్. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, సెక్యూరిటీలో సిమ్ లాక్ ఉంటుంది, కంపెనీని బట్టి ఇంకాస్త లోపల దాగి ఉండొచ్చు. పెట్టేటప్పుడు మొదట ఆపరేటర్ ఇచ్చిన డిఫాల్ట్ పిన్ అడుగుతుంది. ఊహించి కొట్టకండి, కస్టమర్ కేర్‌ని అడగండి. మూడుసార్లు తప్పయితే సిమ్ లాక్ అయి 8 అంకెల పీయూకే అడుగుతుంది. అది పదిసార్లు తప్పు కొడితే ఆ సిమ్ము ఇక పనికిరాదు, కొత్తది తీసుకోవాలి. పీయూకే కాగితం మీద ఉండాలన్నది ఇందుకే.

అమ్మానాన్నల ఫోన్లలో సిమ్ పిన్ పెట్టేముందు ఆలోచించండి. రాత్రి అప్‌డేట్‌కి ఫోను దానంతటదే రీస్టార్ట్ అయితే, పొద్దున పిన్ కొట్టేదాకా కాల్స్ రావు. పెద్దవాళ్ళకి అది ఓటీపీ కన్నా పెద్ద ప్రమాదం కావచ్చు. వాళ్ళకి లాక్ స్క్రీన్ మీద మెసేజీల్లోని మాటలు కనిపించకుండా పెట్టడం వరకు చాలు.

ఫోను పోయిన రోజు చేయాల్సినవి వరసగా: ముందు ఆపరేటర్‌కి ఫోన్ చేసి సిమ్ బ్లాక్, తర్వాత బ్యాంకులకి ఫోన్ చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించడం, తర్వాత గూగుల్ ఫైండ్ హబ్ నుంచి ఫోను లాక్. ఆ పైన పోలీసు ఫిర్యాదు, దాంతో కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్లో ఐఎంఈఐ (ఫోను గుర్తింపు సంఖ్య) బ్లాక్. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే. కొత్త సిమ్ము తీసుకున్నాక తొలి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆగుతాయి, సిమ్ స్వాప్ మోసాలు ఆపడానికి పెట్టిన నిబంధన. అంటే ఆ రోజంతా ఓటీపీ రాదు, ఆథెంటికేటర్ యాపూ కాగితం మీది కోడ్లే దిక్కు.

ఇర్వింగ్_తెలుగు:

అమెరికాలో ఉన్నవాళ్ళ సంగతి కూడా చూడండి. ఇండియా నంబరే బ్యాంకుకీ ఆధార్‌కీ ముడిపడి ఉంటుంది. రీచార్జ్ మర్చిపోతే నంబరు పోతుంది.

తాళంచెవి:

పోవడంతో ఆగదండీ. రద్దయిన నంబరుని 90 రోజులు దాటాక ఆపరేటర్ వేరేవాళ్ళకి ఇవ్వొచ్చు. ఆ కొత్త మనిషికి మీ ఓటీపీలు వెళ్తాయి. వాట్సాప్ కూడా ఆ నంబరుతోనే తెరుచుకుంటుంది. అందుకని రీచార్జ్ గడువుకి రెండు రిమైండర్లు పెట్టుకోండి, ఒకటి ఇక్కడి కుటుంబసభ్యుల క్యాలెండర్లో. అక్కడ రోమింగ్‌లో ఎస్సెమ్మెస్ అందుకోవడానికి సాధారణంగా చార్జీ ఉండదు, కానీ బయల్దేరేముందే రోమింగ్ ఆన్ చేయించుకోవాలి.

ఎన్నారై ఖాతాలకి విదేశీ నంబరు ఒప్పుకునే బ్యాంకులున్నాయి, అడిగి చూడండి. 2023 జనవరిలో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ అమెరికాతో సహా 10 దేశాల నంబర్లని ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాల యూపీఐకి అనుమతించింది. ఆధార్‌కి మాత్రం ఇండియా నంబరే కావాలి. ఆదాయపన్ను పోర్టల్లో ఈ-ఫైలింగ్ వాల్ట్ అని ఉంది, లాగిన్‌కి ఆధార్ ఓటీపీ గానీ నెట్ బ్యాంకింగ్ గానీ తప్పనిసరి చేయొచ్చు. మంచి ఏర్పాటే, కానీ విదేశాల్లో ఉన్నవాళ్ళు ఒక్క ఆధార్ ఓటీపీనే పెట్టుకుంటే సిమ్ము పోయిన రోజు పోర్టల్ కూడా పోతుంది. రెండూ పెట్టుకోండి.

అమలాపురం_వెబ్:

పాస్‌కీల గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. సైటు పాస్‌కీ ఇస్తుంటే తీసుకోండి. రహస్య కీ మీ పరికరంలో లేదా మేనేజర్‌లోనే ఉంటుంది, సైటు దగ్గర ఉండేది బహిరంగ కీ. ఆ సైటు డొమైన్‌కే అది కట్టుబడి ఉంటుంది కాబట్టి నకిలీ పేజీ అడిగినా ఇవ్వడానికి ఏమీ ఉండదు.

ఫోన్లో ఉన్న పాస్‌కీతో ల్యాప్‌టాప్‌లో లాగిన్ అవ్వాలంటే క్యూఆర్ స్కాన్ చేస్తారు. రెండింట్లోనూ బ్లూటూత్ ఆన్‌లో ఉండాలి, జత చేయనక్కర్లేదు. ఫోను పక్కనే ఉందా అని చూడ్డానికే బ్లూటూత్. ‘క్యూఆర్ స్కాన్ అయింది, కానీ ముందుకి పోవట్లేదు’ అనేవాళ్ళలో చాలామందికి కారణం ఇదే. గూగుల్‌లో దాచిన పాస్‌కీలు కొత్త ఫోన్లోకి రావాలంటే పాత ఫోను స్క్రీన్ లాక్ గానీ గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ పిన్ గానీ అడుగుతుంది. ఆ పిన్ కూడా కాగితం మీదకి ఎక్కించండి.

ఫోన్లోంచి పాస్‌కీ తీసేస్తే సైటు దగ్గర నమోదు అలాగే ఉంటుంది. సైటు దగ్గర తీసేస్తే ఫోన్లో పనికిరాని పాస్‌కీ మిగులుతుంది. రెండు చోట్లా తీయాలి.

మాధవి_వైజాగ్:

ఇవన్నీ చేసినా ల్యాప్‌టాప్‌లోకి స్టీలర్ రకం మాల్వేర్ వస్తే సమస్యే. అది బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డులతో పాటు సెషన్ కుకీలు కూడా పట్టుకుపోతుంది. కుకీ ఉంటే పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు, మీరు అప్పటికే లాగిన్ అయి ఉన్నట్టు సైటు అనుకుంటుంది. ఎక్కువగా వచ్చేది క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్లతో. ఈమధ్య ‘మీరు రోబో కాదని నిరూపించండి’ అంటూ విండోస్ కీ, ఆర్ నొక్కి, కంట్రోల్ వీ కొట్టి, ఎంటర్ నొక్కమనే పేజీలు వస్తున్నాయి. ఏ నిజమైన క్యాప్చా అలా అడగదు. ఆ పేజీ మీ క్లిప్‌బోర్డులో ఒక కమాండ్ పెట్టి మీ చేతే నడిపిస్తుంది.

అలా జరిగిందని అనుమానం వస్తే ఆ ల్యాప్‌టాప్‌లోనే పాస్‌వర్డులు మార్చకండి, కొత్తవీ పోతాయి. ముందు ఇంటర్నెట్ తీసేయండి. ఐప్యాడ్ నుంచి గూగుల్ ఖాతా తెరిచి, పాస్‌వర్డ్ మార్చి, తెలియని పరికరాలన్నీ సైన్ అవుట్ చేయండి. రికవరీ ఫోను, రికవరీ ఈమెయిల్ మారాయేమో చూడండి. జీమెయిల్‌లో ఫార్వర్డింగూ ఫిల్టర్లూ తప్పకుండా చూడాలి. బ్యాంకు మెయిళ్ళు మీకు కనిపించకుండా చెత్తబుట్టలోకి పోయే ఫిల్టర్ పెట్టి ఉండొచ్చు. గూగుల్ రికవరీ నంబరు మారిపోయి ఉంటే 7 రోజుల దాకా పాత నంబరుకి కోడ్ పంపే అవకాశం ఉంది, ఆలస్యం చేయొద్దు. తర్వాత బిట్‌వార్డెన్, బ్యాంకులు. విండోస్ మళ్ళీ మొదటినుంచి వేశాకే ఆ ల్యాప్‌టాప్ వాడండి.

శ్రీకాకుళం_ఎస్కే:

అమ్మావాళ్ళకి మేనేజర్ నేర్పడం కష్టం. నోటు పుస్తకంలో రాసుకుంటున్నారు. మాన్పించాలా?

తాళంచెవి:

మాన్పించకండి. నోటు పుస్తకంలో వేర్వేరు పాస్‌వర్డులు రాసుకోవడం, గుర్తుండాలని అన్నిటికీ ఒకటే పెట్టడం కన్నా మేలు. పుస్తకం ఇంట్లోనే ఉండాలి, యూపీఐ పిన్ మాత్రం అందులోనూ ఫోను కవర్ వెనకా ఎక్కడా రాయకూడదు. డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదన్న మాట వాళ్ళకి పదిసార్లు చెప్పండి.

వాళ్ళ ఫోన్లలో మీరు చేయాల్సినవి: వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్‌కి 6 అంకెల పిన్, దానికి మీ ఈమెయిల్ జోడించడం. ఈమెయిల్ లేకుండా పిన్ మర్చిపోతే 7 రోజులు ఆగాలి. లింక్డ్ డివైసెస్‌లో తెలియనివి ఉంటే తీసేయడం. వాళ్ళ గూగుల్ ఖాతాకి మీ నంబరు రికవరీగా పెట్టడం. ఎనీడెస్క్ లాంటి స్క్రీన్ షేరింగ్ యాపులుంటే తీసేయడం.

మీకు ఏమైనా అయితే వాళ్ళకి దారి ఉండాలి కాబట్టి, ప్రీమియం తీసుకుంటే ఎమర్జెన్సీ యాక్సెస్ పెట్టండి. మీరు నమ్మిన మనిషి అడిగిన తర్వాత, మీరు పెట్టిన గడువు లోపల మీరు కాదనకపోతే వాల్టు వాళ్ళకి తెరుచుకుంటుంది. ఏడు రోజుల గడువు చాలు. అవతలి వాళ్ళకి ఉచిత ఖాతా ఉంటే సరిపోతుంది.

నల్లగొండ_నెట్‌వర్క్:

ఇదంతా అయినంక ఒకసారి పరీక్ష పెట్టుకో ఎస్కే అన్నా. ఫోన్ స్విచాఫ్ చెయ్యి. ల్యాప్‌టాప్‌ల ప్రైవేట్ కిటికీ తెరిచి, కాగితం మాత్రం ముందట పెట్టుకుని జీమెయిల్ల, బిట్‌వార్డెన్ల లాగిన్ అయి చూడు. జీమెయిల్ దగ్గర ఒక బ్యాకప్ కోడ్ ఖర్చయితది, దాన్ని కొట్టేయి. బిట్‌వార్డెన్‌కు ఐప్యాడ్‌ల ఉన్న ఆథెంటికేటర్ కోడ్ వాడు, రికవరీ కోడ్ వాడకు. అది వాడితే రెండో అంచె తీసేస్తది.

శ్రీకాకుళం_ఎస్కే:

పరీక్ష చేశాను. జీమెయిల్ తెరుచుకుంది. బిట్‌వార్డెన్ దగ్గర మాత్రం కాగితం మీద మాస్టర్ పాస్‌వర్డ్‌లో పదాల మధ్య గీత ఉందో ఖాళీ ఉందో తెలియలేదు, రెండోసారికి సరిపోయింది. రెండు కాపీల్లోనూ గీతలు స్పష్టంగా వేశాను. చివరిగా ఒకటి. పాత ఫోను అమ్మేయాలనుకుంటున్నాను, ఏ వరసలో చేయాలి?

అమలాపురం_వెబ్:

ముందు ఓటీపీ యాపులోవన్నీ కొత్త ఫోన్లోకి వచ్చాయని ఒక్కో ఖాతా తెరిచి నిర్ధారించుకోండి. గూగుల్ ఆథెంటికేటర్ ఎక్స్‌పోర్ట్ క్యూఆర్ ఒక్కోదాంట్లో పదేసి ఖాతాలే పడతాయి, ఎక్కువుంటే రెండో క్యూఆర్ కూడా వస్తుంది, అది చూడకుండా ముగించేయకండి. బ్యాంకు, యూపీఐ యాపులు ఫోనుకీ సిమ్ముకీ కట్టి ఉంటాయి, సిమ్ము కొత్త ఫోన్లో వేసి మళ్ళీ నమోదు చేసుకోవాలి. పాత ఫోన్లో ఒక్కచోటే ఉన్న పాస్‌కీలేమైనా ఉంటే ఆ సైట్లలో కొత్త ఫోనుతో ఇంకో పాస్‌కీ చేయండి.

తర్వాత పాత ఫోన్లో సెట్టింగ్స్ నుంచి గూగుల్ ఖాతా తీసేసి, ఆ పైనే ఫ్యాక్టరీ రీసెట్. ఖాతా తీయకుండా బటన్లతో రీసెట్ చేస్తే కొన్నవాళ్ళు ఫోను ఆన్ చేయగానే మీ పాత ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇ-సిమ్ ఉంటే రీసెట్ స్క్రీన్‌లో దాన్ని కూడా చెరపమని గుర్తు పెట్టండి, మెమరీ కార్డు బయటికి తీయండి. చివర్లో కొత్త ఫోను నుంచి గూగుల్ ఖాతా పరికరాల జాబితాలో పాత ఫోనుని సైన్ అవుట్ చేయండి, బిట్‌వార్డెన్‌లో సెట్టింగ్స్, సెక్యూరిటీ, డివైసెస్ దగ్గర ఏమేం ఉన్నాయో చూసుకోండి.